మంచివాడొక్కడును లేని కథ

చలనచిత్రము చూచి యింటికి మరలివచ్చిన కుటుంబములలో ఒక మాట తఱచు వినబడును. "కథ బాగుగనే నడచినది గాని, అందులో మెచ్చదగిన మనిషి ఒక్కడైన లేడు గదా!" అని పెద్దలు పెదవి విఱతురు. ఈ ఆక్షేపణము తేలికగా త్రోసివేయదగినది కాదు. కథ వినుట యనగా మన మనస్సు ఒక పాత్ర వెంట నడచుటయే. ఆ పాత్రకు కష్టము వచ్చిన మన గుండె బరువెక్కవలెను. సుఖము కలిగిన మనకు ఊరట కలుగవలెను. వెంట నడచుటకు తగినవా డెవడును లేనప్పుడు ప్రేక్షకుడు రెండు గంటలు ఎవరికొఱకు కూర్చుండవలెను?

అయినను ఒక జాతి చిత్రములు కలవు. వానిలో మంచివాడు లేకుండుట లోపము కాదు; అదియే వాని ఆయువుపట్టు. ఒక యిల్లు, ఒక రాత్రి, కొందఱు అతిథులు, ఒక శవము. నవ్వు, భయము, హంతకు డెవరను ప్రశ్న, ఈ మూడును ఒకే చూరుక్రింద కాపురముండు చిత్రములవి. ఇట్టివానిలో 2022వ సంవత్సరమున అమెరికాలో వెలువడిన 'బాడీస్ బాడీస్ బాడీస్' అను చిత్రమును ఉదాహరణముగ గైకొని, అందలి మనుష్యులు మనకేల నచ్చరో, నచ్చకున్నను మనము కన్నార్పక యేల చూతుమో వివరింప యత్నింతుము.

ముందుగా ఒక చిక్కును గమనింపవలెను. భరతముని నాట్యశాస్త్రమున ఎనిమిది రసములను చెప్పెను. అందు హాస్యమును కలదు, భయానకమును కలదు. కాని రసములన్నియు ఒకదానితో నొకటి పొసగవు. పదునాలుగవ శతాబ్దమునకు చెందిన విశ్వనాథుడు తన సాహిత్యదర్పణమున ఏ రసమున కేది విరోధియో వివరించుచు, హాస్యమునకు భయానకమును కరుణమును విరోధులని నిర్ణయించెను. ఇది పండితులకు మాత్రమే తెలిసిన రహస్యము కాదు. చీకటిగదిలో ఏదో కదలినట్లు తోచినప్పుడు మనకు నవ్వు రాదు. కదలినది పిల్లి యని తెలిసిన తోడనే నవ్వు వచ్చును గాని, అప్పటికి భయము వెడలిపోవును. ఇక కరుణము సంగతి చెప్పనే యక్కఱలేదు. కన్నీరు కార్చుచున్నవారి యెదుట పకపక నవ్వువానిని లోకము మనిషిగా లెక్కింపదు.

ఇట్లుండగా హత్య చుట్టును అల్లిన కథలో నవ్వు ఎట్లు నిలుచును? హత్య యున్నచోట శవముండును; శవమున్నచోట శోకముండవలెను; శోకము వచ్చినచో హాస్యము పాఱిపోవును. పైగా హంతకుని వెదకు కథకు వేఱొక నియమము కలదు. ప్రేక్షకుడు చల్లని బుద్ధితో ఆనవాళ్లను కూడబెట్టుకొనుచు ఆలోచింపవలెను. భయమున వణకుచున్నవాడు ఆలోచింపలేడు; ఏడ్చుచున్నవాడును ఆలోచింపలేడు. ఒకరి గిట్టని యొకరిని ఒకే పంక్తిని కూర్చుండబెట్టి వడ్డించుట వంటి పని యిది. ఆంగ్ల నాటకకర్తలును చిత్రనిర్మాతలును ఈ సమస్యతో నూఱేండ్లుగా పెనగులాడుచున్నారు.

1922లో న్యూయార్కు నగరమున జాన్ విలర్డ్ రచించిన 'ది క్యాట్ అండ్ ది కెనరీ' యను నాటకము ప్రదర్శింపబడెను. ధనికుడొకడు చనిపోయిన యిరువదియేండ్లకు అతని వీలునామా చదువగా వినుటకై బంధువులు అర్ధరాత్రమున పాతమేడలో చేరుదురు. జర్మనీనుండి వచ్చిన దర్శకుడు పాల్ లెనీ 1927లో దానిని మూకీచిత్రముగ తీసెను. 1932లో జేమ్స్ వేల్ 'ది ఓల్డ్ డార్క్ హౌస్' అను చిత్రమును తీసెను; అది జె. బి. ప్రీస్ట్‌లీ నవలకు చిత్రరూపము. కుండపోత వానలో చిక్కుకొన్న బాటసారులు వేల్సు కొండలలోని ఒక యింటి తలుపు తట్టుదురు. ఆ యింటివారు ఒక్కొక్కరు ఒక్కొక్క వింత.

ఇట్టి పాత చిత్రములలో పరిష్కారము సులభమైనది. భయము ఇంటిది, నవ్వు అతిథులది. గోడలు, గాలి, మూసియున్న తలుపులు భయపెట్టును. పిఱికివాడైన మంచివాడొకడు వణకుచు నవ్వించును. వానిని మనము ప్రేమింతుము. వానికి కీడు జరుగదని లోలోపల ఎఱుగుదుము. మన తెలుగు తెరమీది నవ్వించు దయ్యముల కథలును చాలవఱకు ఈ త్రోవనే నడచినవి. 2017లో మహి వి. రాఘవ్ తీసిన 'ఆనందో బ్రహ్మ'లో ఇంటనున్న దయ్యములే మనుష్యులను చూచి బెదరును. ఆ మనుష్యులు డబ్బునకై అగచాట్లు పడుచున్న సామాన్యులు, మన జాలికి పాత్రులు. కావున అచట మంచివాడు లేడను ఫిర్యాదు పుట్టదు.

రెండవ త్రోవను చూపినది అగాథా క్రిస్టీ. 1939లో వెలువడిన ఆమె నవలలో పదిమంది ఒక దీవిలోని మేడకు చేరుదురు. ప్రతివారును పూర్వము ఒక మరణమునకు కారకులై చట్టమునకు చిక్కక తప్పించుకొన్నవారే. ఒకరి తరువాత నొకరుగా పదిమందియు మరణింతురు. నవలకు గొప్ప పేరు వచ్చినది. కాని 1943లో దానిని నాటకముగ మలచునప్పుడు క్రిస్టీయే ముగింపును మార్చి, ఇద్దఱిని నిరపరాధులను చేసి బ్రదికించెను. 1945లో రెనీ క్లేర్ తీసిన చిత్రమును ఆ మార్పునే అనుసరించినది. చదువరి యొంటరిగ ఓర్చుకొన్న దానిని నాటకశాలలోని జనము ఓర్వజాలరని తలచినట్లున్నది. ప్రేమింపదగినవాడు ఒక్కడైన మిగులకున్న జనము ఇంటికి సుఖముగ వెళ్లరను భయము నాడు అంత బలముగ నుండెను.

ఈ కథాబీజమే 1965లో రాజా నవాథే దర్శకత్వమున హిందీలో 'గుమ్‌నామ్' చిత్రముగ మొలకెత్తినది. అందు నౌకరు వేషము ధరించిన మెహమూద్ హైదరాబాదీ యాసతో నవ్వులు పూయించెను. అయినను అక్కడ నవ్వును భయమును వేఱువేఱు గదులలో కాపురమున్నవి. నౌకరు వచ్చినపుడు నవ్వుదుము. అతడు వెళ్లిన పిదప భయపడుదుము.

క్రిస్టీ రచనలలో రేడియో శ్రోతలు ముఖ్యముగ తలచుకొనవలసినది మఱొకటి కలదు. 1947లో మేరీ రాణి ఎనుబదవ జన్మదిన సందర్భమున బి.బి.సి. వారు 'త్రీ బ్లైండ్ మైస్' అను చిన్న శ్రవ్యనాటికను ప్రసారము చేసిరి. మంచు కురిసి దారులు మూసికొనిపోయిన యొక యతిథిగృహము. లోపల ఉన్నవారిలో ఎవరో ఒకరు హంతకుడు. దానినే పెంచి వ్రాసిన 'ది మౌస్‌ట్రాప్' 1952లో లండనున ఆరంభమై, లోకమున అన్నిటికంటె దీర్ఘకాలము ఆడిన నాటకముగ పేరొందినది. కంటికి కనబడనిచోట చెవికి సోకిన చిన్న చప్పుడే భూతమగునని రేడియో నాటకము వినువారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. మనము వివరింపబోవు చిత్రమును చీకటిని ఆశ్రయించియే నడచును.

అటకు పోవుటకు ముందు మఱొక్క మెట్టు. 1985లో జొనాథన్ లిన్ తీసిన 'క్లూ' అను చిత్రము బల్లమీద ఆడు ఒక ఆటనుండి పుట్టినది. దానికి మూడు ముగింపులు తీసి, ఒక్కొక్క నాటకశాలకు ఒక్కొక్క ముగింపును పంపిరి. ఒక ఊర ఒకరు హంతకులు, వేఱొక ఊర వేఱొకరు. ఇది యెట్లు సాధ్యమైనది? ఆ యింట చేరిన అతిథులందఱును ఏదో ఒక గుట్టును దాచుకొని, దాని మూలమున బెదిరింపులకు లోనై డబ్బు చెల్లించుచున్నవారే. ఎవరిని హంతకునిగ తేల్చినను మన గుండె పగులదు. పాత్రలమీద ప్రేమ లేనిచోట హంతకుని పీట ఎవరికైనను సరిపోవునని ఆ చిత్రము నిరూపించినది. నచ్చని మనుష్యులవలన కథకునికి కలుగు మొదటి లాభమిదియే. అనుమానము అందఱిమీదను సమముగ వ్రాలును.

ఇప్పుడు మన చిత్రమునకు వత్తము. దీని దర్శకురాలు హలీనా రైన్ నెదర్లాండ్సు దేశీయురాలు. చిరకాలము రంగస్థల నటిగా పేరుగాంచి, 2019లో తొలి చిత్రమునకు దర్శకత్వము వహించినది. ఆంగ్లమున ఆమె తీసిన మొదటి చిత్రమిదియే. క్రిస్టెన్ రూపేనియన్ కథనుండి సారా డెలాప్ చిత్రకథను సమకూర్చినది. సుమారు గంటన్నరకాలము నడచు చిన్న చిత్రము. అమెరికాలో దీనికి పదునేడేండ్లలోపువారు పెద్దల తోడు లేక చూడరాదను తరగతి నిచ్చిరి. రక్తపాతమును, మత్తుపదార్థముల వాడుకయు, ముతక సంభాషణమును ఇందు హెచ్చు. కావున ఇంటిల్లిపాది కలిసి చూడదగిన దని మేము చెప్పుట లేదు.

కథ యిట్లు మొదలగును. పెనుతుపాను రానున్నది. ఊరికి దూరముగ నున్న గొప్ప మేడలో డేవిడ్ అను ధనికుల బిడ్డ స్నేహితులను పిలిచి విందు చేయుచున్నాడు. తుపాను వచ్చుచుండగా విందేల యని మనకు తోచును. ప్రమాదము ఇతరులకే గాని తమకు రాదను ధీమా కలవారు వారు. వచ్చినవారిలో డేవిడ్ ప్రియురాలు ఎమ్మా నటి; ఆలిస్ అంతర్జాలమున పాడ్‌కాస్టు నడపునది. పాడ్‌కాస్టనగా రేడియో ప్రసంగమునకు మనుమరాలు వంటిది. ఎవరి యింటినుండి వారు మాటలాడి లోకమునకు వినిపింతురు. ఆలిస్ వెంట గ్రెగ్ అను నడివయస్కుడు వచ్చియున్నాడు. అతడు ఆమెకు క్రొత్తగ పరిచయమైనవాడు. జోర్డన్ మఱొక స్నేహితురాలు. మత్తుపదార్థముల వ్యసనమునకు చికిత్స పొంది వచ్చిన సోఫీ తన క్రొత్త ప్రియురాలు బీని వెంటబెట్టుకొని చెప్పకయే వచ్చినది. బీ పేదింటి పిల్ల, తూర్పు ఐరోపానుండి వచ్చినది. ఆ మేడను, ఆ మాటలను చూచి బెదరిపోయినది. మొత్తము ఏడుగురు. మాక్స్ అను ఎనిమిదవవాడు ముందటి రాత్రి డేవిడ్‌తో పోట్లాడి వెడలిపోయెనని చెప్పుదురు.

తుపాను మొదలైన పిదప వారొక ఆట ఆడుదురు. చిత్రమునకు పేరు ఆ యాటనుండియే వచ్చినది. చీటీలు తీసి దొంగ యెవరో కనిపెట్టు ఆటను మన యిండ్లలో పిల్లలెఱుగుదురు, ఇదియు అట్టిదే. గుర్తున్న చీటీ వచ్చినవాడు హంతకుడు. దీపములార్పుదురు. చీకటిలో హంతకుడు ఎవరిని తాకునో వారు చచ్చినట్లు పడియుండవలెను. పడినవారిని చూచినవారు 'శవములు, శవములు, శవములు' అని అర్థమిచ్చు ఆ మాటను కేకవేయుదురు. అంతట దీపములు వెలిగించి, ఎవరు హంతకుడని వాదించుకొని ఒకరిని వెలివేయుదురు. ఆట మొదలైన కొలది సేపటికే నవ్వులు నిష్ఠూరములుగ మాఱును. ఎన్నాళ్లనుండియో కడుపులో దాచుకొన్న మాటలు ఆట నెపమున బయటపడును. డేవిడ్ అలిగి వెడలిపోవును. గ్రెగ్ నిద్రకు పోవును. ఇంతలో కరెంటు పోవును. కొంత సేపటికి డేవిడ్ గొంతు తెగి రక్తపుమడుగున కనబడును. ఈ సారి చచ్చినట్లు పడుట కాదు, నిజముగనే చచ్చెను.

ఇక్కడ ఒక మాట. ఇకమీద కథలోని రహస్యమును విప్పక మా వాదము నడువదు. చిత్రమును ముందుగ చూడదలచినవారు ఈ పుటను మడచి యుంచి, చూచిన పిదప తక్కినది చదువుట మేలు.

డేవిడ్ మరణమునకు తరువాత జరిగినదంతయు అనుమానపు చరిత్రమే. కారు కదలదు; ఫోన్లకు సిగ్నలు లేదు; ఇంట దీపము లేదు. మొదట అనుమానము గ్రెగ్‌మీద పడును, ఏలయనగా అతడు అందఱికంటె క్రొత్తవాడు, వయస్సున పెద్దవాడు, బలశాలి. ఆలిస్ అతనిని వెనుకవేసికొని వచ్చుచు చూపిన సాక్ష్యమేమి? అతని జాతకమున చంద్రుడు తులారాశియందున్నా డని! ఇక్కడ నాటకశాల గొల్లుమనును. అందఱును కూడి అతనిని నిద్రలేపి ప్రశ్నింపగా మాటకు మాట పెరిగి పెనుగులాట యగును. ఆ గలభాలో బీ వ్యాయామమునకు వాడు ఇనుపగుండుతో కొట్టగా గ్రెగ్ మరణించును. హంతకుడు పోయెనని క్షణము ఊపిరి పీల్చుకొందురు. మఱుక్షణమే, అతడే హంతకుడని మనకెవరు చెప్పిరను ప్రశ్న పుట్టును. బీ తాను ఫలానా విశ్వవిద్యాలయమున చదివితినని చెప్పినది అబద్ధమని తేలును. అంతట ఆమెను తుపానులోనికి గెంటివేయుదురు. పిదప ఎమ్మా మెట్ల క్రింద చనిపోయి కనబడును. తుపాకి యొకటి బయటపడును. దానికొఱకైన పెనుగులాటలో ఆలిస్, మేడమీదినుండి పడి జోర్డన్ మరణింతురు. తెల్లవాఱునప్పటికి ఐదుగురు పోయి సోఫీయు బీయు మాత్రము మిగులుదురు. వారిలో ఒకరి నొకరు నమ్మరు.

ఇంత మరణమున మనకు నవ్వెట్లు వచ్చును? ఇందుకు సమాధానము వారి మాటలలో నున్నది. ప్రాణము మీదికి వచ్చినవేళ మనిషి తన చిన్న తగవులను మఱచునని మనము నమ్ముదుము. వీరు మఱువరు. శవమెదుట నుండగా, తుపాకి చేతనుండగా, "నీ పాడ్‌కాస్టు నిజముగ నచ్చి విన్నదెవరు, ఎగతాళికి విన్నదెవరు" అని వాదులాడుకొందురు. ఎవరి తండ్రికి ఎంత ధనమున్నదో, ఎవరెవరిని వెనుక ఏమన్నారో తేల్చుకొందురు. మానసికశాస్త్రమునుండి ఎరువు తెచ్చుకొన్న పెద్ద మాటలను, అంతర్జాలమున అరిగిపోయిన నిందలను ఒకరిమీద నొకరు రువ్వుకొందురు. గాయము శరీరమునకు తగిలినప్పటికంటె అభిమానమునకు తగిలినప్పుడే వారు బిగ్గరగ అఱతురు. ప్రమాదము పెద్దది, పట్టింపు చిన్నది. ఈ రెంటికిని గల ఎడమునుండియే హాస్యము పుట్టుచున్నది.

విశ్వనాథుడు చెప్పిన విరోధము ఇచట ఎట్లు శమించెనో ఇప్పుడు తెలియును. హాస్యమునకు పెద్ద శత్రువు కరుణము. చచ్చినవారు మనకు ప్రియులైయుండినచో కన్నీరు వచ్చి నవ్వును ఆర్పివేసియుండును. పాత్రలు నచ్చనివారగుటచేత కరుణము గడపకు అవతల నిలిచిపోయినది. నచ్చనివారు నవ్వుటకు తగినవారు, అనుమానించుటకును తగినవారు. మిగిలిన శత్రువు భయము. అది చీకటినుండి వచ్చుచున్నది, పాత్రలనుండి కాదు. ఛాయాగ్రాహకుడు యాస్పర్ వోల్ఫ్ పాత్రల చేతులలోని ఫోన్ల వెలుతురుతోను, మెడలో వేసికొన్న మెఱుపు దండలతోను చాల దృశ్యములను చిత్రించెను. ఎవరి దీపము ఎటు తిరుగునో అంతవఱకే మనకు కనబడును. ముఖము కనబడినప్పుడు నవ్వుదుము. వెలుతురు ప్రక్కకు తొలగినప్పుడు భయపడుదుము. వెలుగు నవ్వునకు, చీకటి భయమునకు పంచియిచ్చి, రెండు వైరులను ఒకే గదిలో నిలిపిరి.

ఇక హంతకు డెవరు? తెల్లవాఱిన పిదప బురదలో పడియున్న డేవిడ్ ఫోను బీకి దొరకును. అందులో అతడు చివరిసారి తనను తాను చిత్రించుకొన్న దృశ్యమున్నది. పగటివేళ గ్రెగ్ పెద్దకత్తితో షాంపేన్ సీసా మూతిని ఒక్క వ్రేటున ఎగురగొట్టి అందఱి మెప్పును పొందియుండెను. అది సహింపలేక డేవిడ్ తానును అట్లే చేసి లోకమునకు చూపవలెనని ఫోను ఎదుట నిలిచి ప్రయత్నింపగా, కత్తి జాఱి తన గొంతునే కోసికొన్నది. హంతకు డెవడును లేడు! అంతయు ముగిసిన పిదప మాక్స్ తిరిగి వచ్చి, ఏమి జరిగినదని నివ్వెఱపోవును. బీ చేతిలోని ఫోను వంక చూచి, సిగ్నలు వచ్చినదని మాత్రము చెప్పును. చిత్రము అంతటితో సమాప్తము.

త్రాడును చూచి పామని భ్రమించుట మన వేదాంతులు తఱచు చెప్పు దృష్టాంతము. దీపము తెచ్చి చూచినవానికి భయము పోవును. పాము లేదు, త్రాడే యున్నది. ఈ చిత్రము ఆ దృష్టాంతమును కొంచెము ముందునకు నడిపినది. దీపము వచ్చులోపల భ్రమించినవారు చేతికందిన కఱ్ఱతో ఒకరి నొకరు కొట్టుకొన్నచో ఏమగును? పాము అబద్ధము, దెబ్బలు నిజము. అనుమానము పెనుభూతమని మన పెద్దలనిరి. ఆ మేడలో తిరిగిన భూతము అదియొక్కటియే.

ఇట్టి కథ మనకు బొత్తిగా క్రొత్తదియు కాదు. ఏడవ శతాబ్దపు పల్లవరాజు మహేంద్రవర్మ రచించిన మత్తవిలాస ప్రహసనమును చూడుడు. కాంచీపురమున త్రాగి తిరుగుచున్న కాపాలికు డొకడు తన భిక్షాపాత్రయగు పుఱ్ఱెను పోగొట్టుకొనును. దారిని పోవు బౌద్ధభిక్షువే దొంగిలించెనని పట్టుకొనును. భిక్షువు వస్త్రము చాటున ఏదో దాచినట్లు కనబడుటయే సాక్ష్యము. తగవు తీర్చ వచ్చిన పాశుపతుడును మేలైనవాడు కాడు. కడకు పుఱ్ఱెను ఎత్తుకొనిపోయినది ఒక కుక్కయని తెలియును. పిచ్చివాడొకడు దానిని తెచ్చును. అందును మెచ్చదగినవాడు లేడు. అందును నేరము మోపబడినవాడు దొంగ కాడు. ప్రహసనమునకు ఉత్తమ నాయకుడు అక్కఱలేదని మనవారు ఆనాడే యెఱుగుదురు. తేడా యొక్కటి. కాంచీపురపు వీథిలో పగలు జరిగిన తగవు గనుక నవ్వుతో ముగిసినది. రాత్రి, తలుపులు మూసిన యింట, చేతికి ఆయుధము దొరికినచోట జరిగిన తగవు గనుక ఇది ఐదు శవములతో ముగిసినది.

ఈ చిత్రమును మెచ్చని వారును కలరు. వారి వాదములో కొంత నిజము లేకపోలేదు. పాత్రలు ఎల్లప్పుడును ఒకే శ్రుతిలో కేకలు వేయుటవలన నడుమ కొంతసేపు చెవికి విసుగు పుట్టును. వారి నోట పలికించిన నేటి అంతర్జాలపు మాటలు కొన్నియేండ్లకు పాతబడి, నవ్వు పుట్టింపక యర్థము చెప్పుకొనవలసినవి కావచ్చును. యువతరమును ఎగతాళి చేయుట సులభమను మాటయు కలదు. కాని మా యభిప్రాయమున చిత్రము కేవలము యువతరమును గూర్చినది కాదు. తన మంచితనమును నలుగురికి చూపుటయందు తలమునుకలై, ప్రక్కనున్నవానిని ఎఱుగుటకు తీరిక లేనివారు ఏ తరమునందైనను ఉందురు.

కడపట ఒక సంగతి మనలను పీడింపక మానదు. గ్రెగ్ చచ్చినప్పుడు మనమును అతనిని అనుమానించియుంటిమి. క్రొత్తవాడు గదా, కత్తి పట్టినవాడు గదా యని మనమును వారితో కలిసి లెక్క వేసితిమి. ఫోనులోని దృశ్యము చూచిన తరువాత అతడు నిద్రలో నుండిన నిరపరాధి యని తెలియును. బీ చెప్పిన అబద్ధము నేరము కాదు. తల్లిని చూచుకొనుటకై చదువు మానుకొన్న పేదపిల్ల, ధనికుల నడుమ సిగ్గుపడి చెప్పిన అబద్ధము. అప్పటిదాక గడపకు అవతల నిలిపిన కరుణము అప్పుడు, ఆలస్యముగ, లోపలికి వచ్చును. వారు నచ్చనివారని మనము చులకనచేసినందుననే వారిమీద ఏ నిందనైనను నమ్మితిమి గదా యని తోచును. నచ్చని మనిషి వేఱు, నేరము చేసిన మనిషి వేఱు. ఈ భేదమును ఆ యింటివారు మఱచిరి. చూచుచున్న మనమును గంటన్నరకాలము మఱచితిమి. నవ్వుచు నవ్వుచు మనమే ఆ వలలో పడుట ఈ కథ మనకు చేసిన మేలు.

తుపాను రాత్రులు మన కోస్తా గ్రామములకు క్రొత్తవి కావు. కరెంటు పోయిన వేళ బ్యాటరీ రేడియో చుట్టును ఇంటివారందఱును చేరి, గాలి ఎటు తిరిగినదో, ఎచట తీరము దాటునో వినుచు తెల్లవాఱుదాక మేలుకొనిన జ్ఞాపకము పెద్దలకుండును. ఆ చీకటిలోను భయముండెను. కాని ప్రక్కనున్న మనిషినిగూర్చి భయము లేకుండెను. ఇంట గిట్టనివారుండవచ్చును, మూడుతరముల తగవులుండవచ్చును. అయినను గాలి తగ్గువఱకు ఒకే చాపమీద కూర్చుండిరి. ఆ గొప్ప మేడలో లేనిది వెలుతురు మాత్రమే కాదు. ప్రక్కవానిమీద ఆ పాటి నమ్మకము. మంచివాడొక్కడును లేని కథను చూచి పెదవి విఱుచు పెద్దలకు మేము మనవి చేయునది యింతమాత్రమే. ఆ కథ కొఱత పెట్టినది మంచితనమును కాదు, మనుష్యుల నడుమ నుండవలసిన ఆ నమ్మకమును. అది లేనప్పుడు ఇల్లేమగునో అది చూపినది.